పచ్చి వస

కరెంటు పోయినప్పుడల్లా చిట్టి నోరు గుండ్రంగా తెరుస్తోందని మొదట గమనించింది తాయారు.

అది ఆవలింత కాదు, ఆకలీ కాదు. పాలు తాగుతున్నదల్లా రొమ్ము వదిలేసి, గడ్డం కాస్త పైకెత్తి, పెదాలు సున్నాలా చేసి గాలి మింగుతుంది. కాసేపాగి మళ్ళీ మింగుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ ఎవరినీ చూడవు.

"ఉక్కపోతే, ఇంకేం కాదు," అంది చిట్టి తల్లి భూలక్ష్మి, విసనకర్ర అందుకుంటూ. ఆమె తాయారుకి అక్క. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి, ఇంకా ఇక్కడే ఉంది.

వాళ్ళమ్మ నాంచారమ్మకి మాత్రం అది దిష్టి. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని మనవరాలి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. "చూశారా, ఇంత వేసినా ఘాటే లేదు. ఆ ఎదురింటి ఆవిడ రోజూ వచ్చి కళ్ళప్పగించి చూస్తానే ఉంది. ఇంక తలుపేసి ఉంచండే."

కరెంటు వచ్చింది. ఫ్యాను రెక్కలు మెల్లగా కదిలాయి. వాటి గాలి కిందికి రాకముందే చిట్టి నోరు మూసుకుని రొమ్ము వెతుక్కుంది.

తాయారు అదీ చూసింది. ఆ నోరు ఆమెకి కొత్త కాదు. రోజూ షెడ్డులో చూస్తూనే ఉంది. కానీ ఆ మాట పైకి అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం వేసింది.

షెడ్డు ఊరి చివర, మడ అడవి వైపు ఉంది. అక్కడి నేలలో ఒకప్పుడు రొయ్యల చెరువులు తవ్వి వదిలేశారు. ఉప్పు తేలి వరి పండదు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. ఆ నేల మీద డాక్టర్ వైదేహి పెద్ద గుండ్రటి తొట్టి కట్టించి తిలాపియా చేపలు వేసింది. తొట్టి నీళ్ళు మోటారుతో గులకరాళ్ళ మడుల్లోకి వెళతాయి. చేపల పెంటని సత్తువగా తీసుకుని ఆ రాళ్ళలోనే బచ్చలి, టమాటా, గంగపాయల కూర పెరుగుతాయి. శుభ్రమైన నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి దిగుతాయి. మట్టితో పని లేదు, వాననీళ్ళు కాసిని పట్టి ఉంచుకుంటే చాలు. మత్స్యశాస్త్రం చదివిన తాయారుకి ఊళ్ళోనే ఉద్యోగం దొరికింది.

ఆ రోజు బందరు వైపు నుంచి కొందరు రైతులు చూడటానికి వచ్చారు.

"ఇంతవరకూ చాలాచోట్ల చేస్తున్నదే," అంది వైదేహి వాళ్ళతో. "కరెంటు పోయి గాలి మోటారు ఆగితే చేపలన్నీ తేలిపోతాయి. మన తీరంలో గాలివాన వస్తే కరెంటు ఎన్నాళ్ళకి వస్తుందో మీకు తెలుసు. మా కష్టమంతా దాని గురించే. చూడండి."

ఆమె మీట నొక్కి గాలి మోటారు ఆపింది. నీటి బుడగలు ఆగాయి. కాసేపటికి చేపలు పైకి తేలి, నోళ్ళు గుండ్రంగా తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి.

"అయ్యో, పోతాయండీ," అన్నాడో రైతు.

"ఇప్పుడు మడులకేసి చూడండి."

ఎండ లేదు, గాలి లేదు. అయినా బచ్చలి ఆకులు ఒక్కసారిగా వాలిపోయాయి. ఒక మడి తర్వాత ఇంకో మడి. వేళ్ళ దగ్గర రాళ్ళ మీద సన్నటి బుడగలు లేచి నీళ్ళతో పాటు తొట్టిలోకి దిగాయి. చేపలు ఒక్కొక్కటే కిందికి వెళ్ళిపోయాయి.

"జోడు అని పేరు పెట్టుకున్నాం," అంది వైదేహి. "కంటికి కనపడని సూక్ష్మజీవి. చేప మొప్పల్లో ఉంటుంది, మొక్క వేళ్ళలో ఉంటుంది. ఇటు కష్టం వస్తే అటు తెలుస్తుంది. లేనివాళ్ళకి ఉన్నవాళ్ళ దగ్గర నుంచి తెచ్చిపెడుతుంది."

"మొక్క ఊపిరి బిగబట్టి చేపకిచ్చిందన్నమాట," అన్నాడు ఇందాకటి రైతు. "మా ఆవిడ కూడా నన్నింత ఇదిగా చూడదండీ."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో తాయారు ఫోను మోగింది.

"ఒసే తాయారూ," అంది భూలక్ష్మి. "చిట్టి మళ్ళీ అట్టాగే చేస్తందే."

"కరెంటు ఉందా అక్కా?"

"ఉంది. ఫ్యాను తిరుగుతానే ఉంది. గోళ్ళు నీలంగా అవుతున్నయ్యే, నాకు భయంగా ఉంది..."

తాయారు చెవి దగ్గర ఫోను తీయకుండానే నడిచి వెళ్ళి, మాట్లాడుతున్న వైదేహి పక్క నుంచి చెయ్యి చాపి మోటారు మీట వేసింది. తొట్టి గలగలలాడింది.

ఫోనులో కొంతసేపు ఫ్యాను చప్పుడే వినపడింది.

"మూసింది," అంది భూలక్ష్మి. "నోరు మూసింది. పాలు తాగుతోంది. నువ్వేం చేశావే? ఏదో చప్పుడయింది?"

రైతులు వెళ్ళిపోయాక వైదేహి కోపంగా వచ్చింది. తాయారు చెప్పింది విన్నాక ఆ కోపం ముఖంలోంచి దిగిపోయింది. ఆమె పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చుంది.

"ఆ మధ్య పుదీనా రెమ్మ ఒకటి బందరులో మా ఇంటికి తీసుకెళ్ళాను, గుర్తుందా? గ్లాసులో నీళ్ళు పోసి వంటింటి కిటికీలో పెట్టాను. ఒకరోజు నేను చూస్తుండగానే వాలిపోయి మళ్ళీ లేచింది. నీకు ఫోను చేస్తే అప్పుడే ఇక్కడ మోటారు ఆగి వచ్చిందన్నావు."

"మీరు ఊరికే అడిగారనుకున్నాను మేడమ్."

"ఊరికే అడగలేదు. ఒకే తొట్టి నీళ్ళలో పుట్టిన జోడు ఎంత దూరాన ఉన్నా ఒకటేలా ఉంది. ఎలా అని అడగకు, నాకు తెలీదు. తెలీనిదాన్ని ఎవరికి చెప్పను?" వైదేహి అరచేతులు చీరకి తుడుచుకుంది. "బిడ్డకి మన షెడ్డులోది ఏం పెట్టారు?"

"ఏమీ లేదు మేడమ్. చిట్టికి పాలు తప్ప ఏమీ పట్టరు. అక్క కూడా ఇక్కడివేవీ తినదు."

"ఏదో పెట్టారు. పద."

వాళ్ళు వెళ్ళేసరికి భూలక్ష్మి భర్త ఏడుకొండలు వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసుకోవడానికి రెండు రోజులకోసారి వస్తూనే ఉంటాడు. లోపల నాంచారమ్మ చాప మీద కూర్చుని సానరాయి ముందు పెట్టుకుంది. రాయి మీద నాలుగు చుక్కలు కూతురి పాలు. వేళ్ళ మధ్య ఆకుపచ్చ అంచుతో తెల్లటి దుంప ముక్క.

తాయారు గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, అదేంటి?"

"వస. ఏం, ఎప్పుడూ చూళ్ళేదా? నీకు నాలుగేళ్ళొచ్చినా మాట్లాడకపోతే ఇదేగా అరగదీసి నాకించింది. అయినా ఏం లాభంలే, ఇప్పటికీ నోట్లోంచి ఊడిపడదు."

"ఎండు వస కాదుగా ఇది. ఎక్కడిది?"

"కొట్లో కొన్నదంతా పుచ్చే. నీకు అన్నం తెచ్చినప్పుడు ఒక పిలక మీ రాళ్ళ మడిలో చివరాఖర్న గుచ్చా. నీళ్ళలో బతికే మొక్కాయె, ఏపుగా వచ్చింది. పురిటి స్నానం అయిన కాణ్ణించి రోజూ ఒక్క చుట్టు అరగదీసి రాస్తన్నా."

"కాల్చకుండానే?"

"ఎండుదైతే దీపం మీద కాలుస్తారు. పచ్చిదాన్ని ఎవరన్నా కాలుస్తారంటే?"

"షెడ్డులోది ఏదీ ఇంటికి తేవద్దని, తినొద్దని చెప్పానా లేదా అమ్మా?"

నాంచారమ్మకి కోపం వచ్చింది. "తినమని ఎవరు పెట్టారే? నీ చేపని ముట్టుకున్నానా, నీ ఆకు తెంపానా? వస తిండెప్పుడైంది? పిల్ల నాలిక మీద రాసేది..." అంటూనే వైదేహి ముఖం చూసింది. ఆమె చేతిలోంచి దుంప ముక్క జారి రాయి మీద పడింది. "ఏంది డాక్టరమ్మా? ఏంటట్టా చూస్తన్నారు? నేనేం చేశాను?"

 భూలక్ష్మి బిడ్డని గుండెలకి అదుముకుని గోడ వైపు జరిగింది.

వైదేహి వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పింది. మందు వేస్తే పోతుందా అని అడిగింది భూలక్ష్మి. ఆ మందు ఒకసారి వేసి చూశామని, ఒక తొట్టిలో జోడుని చంపితే దూరంగా అదే నీళ్ళతో నడిపిన రెండో తొట్టిలో చేపలన్నీ తెల్లారేసరికి చచ్చి తేలాయని చెప్పింది వైదేహి. "బిడ్డకి వేసే ధైర్యం నాకు లేదు. తొట్టిని జాగ్రత్తగా చూసుకుందాం. బిడ్డ అన్నం తిని పెరిగే కొద్దీ ఒంట్లోంచి దానంతటదే పోవచ్చు."

"పోకపోతే?"

"నాకు తెలీదమ్మా."

ఏడుకొండలు గుమ్మానికి ఆనుకుని అంతా విన్నాడు. "డాక్టరుగారూ, మేం రొయ్యల చెరువులు చేసినోళ్ళం. ఒక చెరువుకి తెల్లమచ్చ తెగులు వస్తే ఏం చేస్తామో తెలుసా? పక్క చెరువుకి అంటకుండా నీళ్ళు వదిలేసి, సున్నం చల్లి ఎండగడతాం. మూలంలో తీసెయ్యాలి. నేను ఆలస్యం చేసే నా చెరువులన్నీ పోగొట్టుకున్నా."

"ఇది చెరువు కాదండీ. చెరువు పోతే రొయ్యలు పోతాయి. ఇక్కడ తొట్టి పోతే..." వైదేహి మాట పూర్తి చెయ్యలేదు.

ఏడుకొండలు తలూపాడు. మరదలి వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాయారు షెడ్డుకి వెళుతుంటే దారి పక్క బోదెలో నీళ్ళు పారుతున్నాయి. ఎండాకాలం ఆ బోదెలో నీళ్ళుండవు. ఆకుపచ్చగా, చేపల వాసనతో ఉన్నాయి. ఆమె పరిగెత్తింది.

తొట్టి అడుగు గొట్టం బిరడా తీసి ఉంది. ఏడుకొండలు పంచె ఎగ్గట్టి గోడ మీద నిలబడి ఉన్నాడు. పక్కన సున్నం బస్తా. అడుగున మిగిలిన కాసిని నీళ్ళలో చేపలు పక్కకి పడిపోయి, ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి.

"బావా, గొట్టం మూసెయ్."

"అడ్డం రాకు తాయారూ. ఉద్యోగం పోద్దని భయమైతే నా మీద చెప్పు. ఆ డాక్టరుకి తన తొట్టి మీదే బెంగ. ఈ పీడ ఇవాళ్టితో వదిలిపోవాల."

"బావా, నీకు దణ్ణం పెడతా, చిట్టికి ఊపిరాడదు. మూసెయ్."

అతను సున్నం బస్తా నోరు విప్పాడు. అప్పుడే గట్టు మీద నుంచి కేక వినపడింది. భూలక్ష్మి చెప్పుల్లేకుండా పరిగెత్తుకు వస్తోంది. బాలింత చెవులకి కట్టుకున్న గుడ్డ ఊడి మెడ మీద పడింది. వెనక నాంచారమ్మ. ఇంట్లో ఏం చెయ్యాలో తోచక, తాయారు ఉన్నచోటికి బిడ్డనెత్తుకుని వచ్చేసింది.

ఆమె చేతుల్లో చిట్టి ముఖం పండిన నేరేడు పండు రంగులో ఉంది. ఏడవడం లేదు. నోరు గుండ్రంగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఏడుకొండలు కూతురి నోటికేసి చూశాడు. కింద తొట్టిలో చేపల నోళ్ళకేసి చూశాడు. రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకేసారి మూసుకున్నాయి.

అతని చేతిలోంచి బస్తా బయటి వైపు పడి పగిలింది. తొట్టిలోకి దూకి, బిరడా ఎక్కడ పడేశాడో కనపడక, చొక్కా విప్పి ఉండచుట్టి గొట్టంలో కుక్కి దాని మీద కూర్చున్నాడు. తాయారు మడుల అడుగు కుళాయిలన్నీ విప్పేసింది. రాళ్ళలో నిలిచిన నీళ్ళు తొట్టిలోకి దూకాయి. వాననీళ్ళ డ్రములు ఒక్కొక్కటే వంచింది. గాలి మోటారు వేసింది. నీళ్ళు ఏడుకొండలు నడుము దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో ఎవరికీ తెలీదు. ఆ సేపంతా అతను కూతురి పేరు పిలవబోయి, బారసాల ఇంకా కాలేదు కాబట్టి పిలవడానికి పేరు లేక, "అమ్మా, అమ్మా" అంటూ కూర్చున్నాడు.

చిట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నాంచారమ్మ నేల మీద కూలబడింది.

తాయారు మాత్రం తొట్టి అంచు వదల్లేదు. నీటిలో చేపలు తిరుగుతున్నాయి. అన్నీ తిరుగుతున్నాయి. బురదలో పక్కకి పడి అంతసేపు కొట్టుకున్న చేపల్లో ఒక్కటి కూడా చావలేదు. ఆమె తిరిగి చిట్టికేసి చూసింది. ఆ చేపలు అంతసేపు ఎవరి ఊపిరితో బతికాయి?

వైదేహి వచ్చేసరికి భూలక్ష్మి షెడ్డు నీడలో బిడ్డకి పాలిస్తోంది. చిట్టి తాగుతూ తాగుతూ అలసిపోయి ఆగుతోంది. ఒళ్ళంతా చెమట.

"మేడమ్," అంది తాయారు. "మొదట్లో మనకి ఒక్క మడే ఉన్నప్పుడు గాలి ఆపితే ఆకులు ఏమయ్యేవి?"

"మాడిపోయేవి."

"ఇప్పుడు?"

"వాలి, మళ్ళీ లేస్తాయి. మడులు పెంచాం కదా, తలా కాస్త..." వైదేహి ఆగిపోయింది.

"ఇన్ని మొక్కలున్నా చిట్టినే ఎందుకు అడుగుతోంది మేడమ్?"

"మొక్క దగ్గరున్న గాలెంత? జోడుకి ఊపిరితిత్తులు దొరికాయి. తేలిగ్గా ఎక్కడ దొరికితే అక్కడే తీసుకుంటుంది." వైదేహి మడుల వరసకేసి చూసింది. "ఊపిరి ఉన్న మడి ఆ బిడ్డ ఒక్కతే."

"అయితే మడులు పెంచుదాం."

ముందుగా అర్థమైంది నాంచారమ్మకి. లేచి చివరి మడి దగ్గరికి వెళ్ళింది. కత్తుల్లా నిలబడ్డ వస ఆకుల్ని కుదురుతో సహా పెరికింది. దుంప కడగకుండానే కొంగులో తుడిచి విరిచింది.

"ఆగండి," అంది వైదేహి. "ఇది వెనక్కి తిరిగొచ్చే పని కాదు. చివరిదాకా ఈ తొట్టికి కట్టుబడి ఉంటారు. దీనికి జ్వరమొస్తే మీకొస్తుంది. తెలిసి తెలిసి మీ చేత ఇది తినిపిస్తే నేను డాక్టర్ని కాదు."

"మీరు తినిపించట్లేదుగా డాక్టరమ్మా. రాసింది నేను. ముందు నాకు."

"నా పిల్ల అత్తా. ముందు నాకు." తడి పంచెతో వణుకుతూ ఏడుకొండలు చెయ్యి చాపాడు.

"బస్తా మోసినంత తేలిక కాదు, నవులు," అంటూ నాంచారమ్మ అతని చేతిలో ఒక ముక్క పెట్టింది. అతను నమిలి, ముఖమంతా ముడుచుకున్నాడు.

"ఇంత చేదు ఎట్టా పెట్టావత్తా పిల్లకి?"

"నీకు చిన్నప్పుడు పెట్టలేదు కాబట్టే బుద్ధి రాలేదు."

ఏడుకొండలు నవ్వబోయి ఏడ్చాడు. భూలక్ష్మి బిడ్డని రొమ్ము నుంచి తీయకుండానే నోరు తెరిచింది. తల్లి ఆమె నోట్లో ముక్క పెట్టి, తనూ ఒకటి నోట్లో వేసుకుంది. తాయారు తన ముక్క తనే తీసుకుంది. చేదు, ఘాటు, దాని వెనకాల చేపల తొట్టి వాసన. మింగుతున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే భయం ఇంకా పెరుగుతుంది.

ఇంకో ముక్క మిగిలింది. నాంచారమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. రాళ్ళ మీద పెట్టి ఊరుకుంది. వైదేహి దానికేసి చూసింది. తర్వాత సంచీ భుజాన వేసుకుని, బ్యాటరీల గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ షెడ్డంతా రెండుసార్లు తిరిగి బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రం తాయారు ఊడుస్తున్నప్పుడు రాళ్ళ మీద ముక్క లేదు. ఎలకలు ఎత్తుకుపోయి ఉంటాయనుకుంది.

ఏడుకొండలు తన పాత చెరువుల దగ్గర తుప్పు పడుతున్న జనరేటరు తెచ్చి షెడ్డు పక్కన బిగించాడు. తన పడక అక్కడికే మార్చాడు. బ్యాటరీలు ఇంకా రాలేదు. వాళ్ళు రోజూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. కరెంటు పోయిన వెంటనే ఏడుకొండలు జనరేటరు వేసేసేవాడు కాబట్టి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నమిలింది ఒంటికి పట్టలేదేమో అని భయం. పట్టిందేమో అని ఇంకో భయం. చిట్టి బారసాలకి రోజు చూడమంటే నాంచారమ్మ "కానీలే" అనేది.

ఒక మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచింది. తాటాకులు కొట్టుకున్నాయి. నాంచారమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది. భూలక్ష్మి చాప మీద ఒత్తిగిలి బిడ్డకి పాలిస్తోంది. ఫ్యాను మెల్లబడి, ఆగింది.

తాయారు ముందు అమ్మని చూసింది. బియ్యంలో తిరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. గడ్డం పైకి లేచింది. పెదాలు గుండ్రంగా తెరుచుకున్నాయి.

తర్వాత తన గొంతులో ఎవరో తలుపు వేసినట్టయింది. చుట్టూ గాలి ఉంది. తాటాకుల్ని ఊపేస్తున్నంత గాలి. అది లోపలికి వస్తోంది కానీ ఆమెకి అందడం లేదు. లోపలికి వచ్చింది వచ్చినట్టు ఎక్కడికో దిగిపోతోంది. చల్లటి, చీకటి నీళ్ళలోకి. ఆమె గోడ పట్టుకుంది. తన నోరు సున్నాలా తెరుచుకోవడం ఆమెకి తెలిసింది. ఆపుదామనుకుంది, ఆగలేదు.

ఫోను మోగింది. వైదేహి పేరు. ఎత్తితే మాట వినపడలేదు. బందరులో ఎక్కడో గాలి మింగుతున్న చప్పుడు, ఆగి, మళ్ళీ అదే చప్పుడు.

గట్టు అవతల జనరేటరు ఒకసారి దగ్గింది. ఆగిపోయింది. ఏడుకొండలు మళ్ళీ తాడు లాగినట్టున్నాడు. మళ్ళీ దగ్గింది. అందుకోలేదు.

భూలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి. మెడ నరాలు తేలాయి. నోరు తెరిచి పైకప్పుకేసి గాలి మింగుతోంది. కానీ పక్కకి కదల్లేదు. చెయ్యి బిడ్డ తల కిందే ఉంచింది.

చిట్టి కనుబొమలు ఒకసారి ముడిచింది. తర్వాత ముడి విప్పేసింది.

బయట తాడు లాగిన చప్పుడు మళ్ళీ వినపడింది. గోడ పట్టుకుని నిలబడ్డ తాయారుకి ఆ ఇంట్లో ఇంకొక్క చప్పుడే వినిపిస్తోంది. చిట్టి పాలు తాగుతోంది. గుటక తర్వాత గుటక, ఎక్కడా ఆగకుండా.